సంఘపు లెక్క: చూచు హక్కు ఎల్లరిది, దిద్దు హక్కు ఎవరిది?



చిట్టాయు ఆవర్జాయు సంఘ కార్యాలయపు బీరువాలోనే యుండు కాలము గతించుచున్నది. ప్రాథమిక సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి చేర్చుటకై 2022 జూన్ 29 వ తేదీన కేంద్ర మంత్రివర్గము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించి, దేశమునందలి 63,000 సంఘములను అందు చేర్చ నుద్దేశించెను. అది కట్టుదిట్టములతో కూడిన అధికార లెక్క. దాని ప్రక్కనే మఱియొక లెక్క గ్రామములలో తనంతట తాను పుట్టి పెరుగుచున్నది. యూరియా కొఱకు పేరు వ్రాయించుకొన్నవారి జాబితా, కొనుగోలు కేంద్రమున వడ్లు పోసినవారి వరుస, ఎవరికెన్ని గన్నీ సంచులు ఇచ్చితిమను వివరము, ఎవరి రాశిలో తేమ ఎంత యున్నదను అంకె, ఇట్టివన్నియు ఒక గూగుల్ షీటులో వ్రాసి, దాని లింకును వాట్సాప్ గుంపులో పంచుట నేడు చిటికెలోని పని.

ఇందు గొప్ప సౌకర్యమున్నదనుట నిజము. కార్యాలయమున గుమాస్తా వ్రాసిన పంక్తిని కాంటా యొద్ద నిలిచినవాడు అదే నిమిషమున చూడగలడు. జనగామ మెట్ట పొలములలో నున్న రైతు తన వంతు వచ్చెనో లేదో తెలిసికొనుటకు బండి కట్టుకొని రానక్కఱలేదు. మానుకోట ప్రాంతమున మిర్చి కల్లములో పనిచేయుచున్న సభ్యుడు గాని, భూపాలపల్లి అడవి అంచున ప్రత్తి ఏరించుచున్న సభ్యుడు గాని తన పేరు ఎక్కడ నున్నదో అఱచేతిలోనే చూచుకొనవచ్చును. 2025 వానాకాలమున యూరియా కొఱకు సంఘముల ముంగిట తెల్లవారు జామునుండి వరుసలలో నిలిచిన వారికి ఇట్టి జాబితా విలువ ఎంతయో చెప్పనక్కఱలేదు.

అయితే, పలువురు ఒక్కసారిగా తెఱచి చూడగల పుస్తకము పలువురు ఒక్కసారిగా దిద్దగల పుస్తకముగా గూడ కావచ్చును. ఈ పత్రమును తెఱచినవారిలో ఎవరు చూచువారు, ఎవరు దిద్దువారు, ఆ భేదమును నిర్ణయించిన వారెవరు అను ప్రశ్నలు మహాజనసభలో వినవచ్చుట అరుదు. అది కంప్యూటరు తెలిసిన కుఱ్ఱవాని పని యని ఊరకుందుము. మా అభిప్రాయమున ఇది యంత్రమునకు సంబంధించిన సంగతి కాదు. సహకార ధర్మమునకు సంబంధించిన సంగతి. చూచు హక్కు విశాలముగా నుండవలెను. దిద్దు హక్కు కొలదిమందికే యుండవలెను. దిద్దిన ప్రతి అంకెయు దిద్దినవాని పేరుతో నిలువవలెను. తప్పు చెప్పుకొనుటకు తలుపు ఎల్లరికిని తెఱచి యుండవలెను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను సభ్యునికి నష్టము తప్పదు.

ఇట్లు చెప్పుటకు మాకు దూరదేశముల దృష్టాంతములు అక్కఱలేదు. మన భూమి పత్రముల చరిత్రయే చాలును.

నిజాము రాజ్యమున గ్రామపు భూమి లెక్కలు దేశముఖుల, పటేలు పట్వారీల చేతులలో నుండెడివి. సర్వే సెటిల్‌మెంటు జరిగిన కాలమున ఆ లెక్కల మర్మమెఱిగిన దేశముఖులు, తరతరములుగా రైతులు దున్నుకొనుచున్న భూములను తమ పేర వ్రాయించుకొనిరని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటమును గుఱించిన గ్రంథమున వివరించిరి. దున్నువాడు తన పేరు పోయినదని తెలియకయే దున్నుచుండెను. ఏలయన ఆ పుస్తకమును వానికి చూపినవారు లేరు. చూపినను, రాజ్యపు అధికార భాషయైన ఉర్దూ వానికి రాదు. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ తన సేద్యపు భూమిని, పంటను నిలుపుకొనుటకై విసునూరు దేశముఖు నెదిరించుటయు, 1946 జూలై 4 వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండ్లకు నేలకొఱుగుటయు నేటి జనగామ జిల్లాలో జరిగిన సంగతులే. ఆ పోరాటమునకు వెట్టిచాకిరి మొదలుగా కారణములు పెక్కు గలవు. తన భూమిని గుఱించి వ్రాసిన వ్రాత తనకు కనబడకపోవుటయు వానిలో నొకటి.

హైదరాబాదు రాజ్యము భారత దేశమున చేరిన పిదప 1954-55 లో ఖాస్రా పహాణీ తయారయ్యెను. నేటికిని భూ వివాదము వచ్చినచో న్యాయవాదులు మొదట అడుగునది ఆ పహాణీ నకలునే. డెబ్బది యేండ్ల క్రిందట ఒకడు వ్రాసిన పంక్తి నేటి కుటుంబముల తగవులను తీర్చుచున్నది, లేదా పెంచుచున్నది. వ్రాత కెంత ఆయుర్దాయమున్నదో దీనివలన తెలియును. 1984 లో ఎన్. టి. రామారావు ప్రభుత్వము పటేలు పట్వారీ పద్ధతిని రద్దు చేసెను. తరువాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల ఉద్యోగములను 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము రద్దు చేసి, ఆ సంవత్సరము అక్టోబరు 29 న ధరణి యను ఆన్‌లైన్ పద్ధతిని ప్రారంభించెను.

ధరణి ఉద్దేశ్యము మంచిది కాదని ఎవరును అనజాలరు. గ్రామమున పుస్తకము చంకనుంచుకొని తిరుగు ఒక్క మనుష్యుని చేతిలో రైతు భవిష్యత్తు ఉండకూడదనియే గదా ఆ మార్పు. కాని కలమును గ్రామమునుండి తొలగించుటతో బాటు, తప్పు దిద్దు కలము గూడ దూరమయ్యెను. పేరులో అక్షరము తప్పినను, విస్తీర్ణమున గుంటలు తగ్గినను, సర్వే నంబరు కనబడకున్నను, అమ్మరాని భూముల జాబితాలో పట్టా భూమి చేరినను, తన మండలపు తహశీలుదారు నొద్దకు పోయిన రైతునకు దిద్దు అధికారము అక్కడ లేదను జవాబే చాలకాలము లభించెను. దరఖాస్తు జిల్లా కలెక్టరు వఱకు పోవలెను. తప్పు అందఱికి కనబడుచునే యుండెను. దిద్దువాడు మాత్రము అందుబాటులో లేకుండెను. 2025 ఏప్రిల్ 14 న ప్రారంభమైన భూభారతి పద్ధతిలో తప్పులు దిద్దు అధికారమును వేఱు వేఱు మెట్ల అధికారులకు పంచి, ఒకరి నిర్ణయముపై మఱియొకరికి అప్పీలు చేసికొను వీలు కల్పింపబడినది. మొదట ప్రయోగముగా తీసికొన్న నాలుగు మండలములలో, ఒకప్పుడు భూపాలపల్లి జిల్లాలోనే యుండి నేడు ములుగు జిల్లాలో నున్న వెంకటాపూర్ ఒకటి. అటుపిమ్మట జూన్ నెలలో గ్రామములందు రెవెన్యూ సదస్సులు జరిపి దరఖాస్తులు తీసికొనిరి. ఆ దరఖాస్తులు ఎంతవఱకు తీరినవో ఎవరి యనుభవము వారికి తెలియును. దానిని విచారించుట ఈ వ్యాసపు పని కాదు.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి రెండు. వ్రాయువాడొక్కడై, వాని వ్రాత ఎవరికిని కనబడకున్న అది మొదటి రోగము. వ్రాత ఎల్లరికిని కనబడుచున్నను తప్పు దిద్దించుకొను త్రోవ లేకున్న అది రెండవ రోగము. ఆన్‌లైన్ పత్రములు వచ్చిన తరువాత మూడవ రోగము గూడ తోడైనది. వ్రాయువారు లెక్కలేనంతమందియై, ఏది ఎవడు వ్రాసెనో తెలియకుండుటయే అది. మన సంఘముల చిన్న జాబితాలలో ఈ మూడు రోగములును పొంచి యున్నవి.

ఇక ఆ పత్రముల తీరు కొంచెము తెలిసికొందము. గూగుల్ షీటును ఎవరు తెఱచి ప్రారంభించిరో వారు దానికి యజమానులు. యజమాని 'షేర్' అను మీట నొక్కి ఇతరులకు మూడు విధములగు హక్కులలో ఒకటి ఈయవచ్చును. వ్యూయర్ అనగా చూచువాడు. వాడు చదువగలడు గాని అక్షరము మార్చజాలడు. కామెంటర్ అనగా సూచన చేయువాడు. వాడు లెక్కను ముట్టకుండ, ప్రక్కన 'ఇచ్చట రెండు సంచులు తక్కువ పడినవి' అని వ్రాయగలడు. ఎడిటర్ అనగా దిద్దువాడు. వాడు అంకెలు మార్చగలడు, పంక్తులు తీసివేయగలడు. అంతేకాదు, వేఱుగా కట్టడి చేయనియెడల, ఎడిటరు తాను తలచినవారికి ఆ హక్కును ఈయగలడు గూడ.

ఇవిగాక లింకును గుఱించిన నిర్ణయ మొకటి గలదు. 'రిస్ట్రిక్టెడ్' అని యుంచిన, పేరు చేర్చినవారికే తలుపు తెఱచుకొనును. 'ఎనీవన్ విత్ ది లింక్' అని యుంచిన, లింకు ఎవరి చేతబడిన వారికెల్ల తెఱచుకొనును. ఈ రెండవదానికి ఎడిటరు హక్కును జోడించుట గిడ్డంగి తాళపు చెవిని బజారులో వ్రేలాడదీయుట వంటిది. వాట్సాప్ గుంపులో పెట్టిన లింకు సాయంకాలమునకు మూడు మండలములు దాటిపోవును. గూగుల్ ఖాతా ద్వారా ప్రవేశింపనివాడు అట్టి పత్రమును దిద్దినచో చరిత్రలో వాని పేరు పడదు. పేరులేని వ్యక్తి దిద్దెనని మాత్రము చూపును. పేరులేని వ్యక్తిని ఏ పాలకవర్గము సంజాయిషీ అడుగగలదు?

ఇందు మోసమే ఉండనక్కఱలేదు, తెలియనితనము చాలును. ఒక సంఘమున యూరియా జాబితా యున్నదని ఊహింతము. మొదటి నిలువు వరుసలో పేర్లు, రెండవదానిలో భూమి విస్తీర్ణము, మూడవదానిలో బస్తాలు. లింకు అందినవారెల్లరు దిద్దవచ్చును. ఒక సభ్యుడు తన పేరు త్వరగా దొరకుటకై పేర్ల వరుసను మాత్రమే ఎన్నుకొని అక్షర క్రమమున పేర్చెను. పేర్లు కదలినవి, విస్తీర్ణములు, బస్తాలు కదలలేదు. ఒక్క క్షణమున పదెకరముల వాని బస్తాలు రెండెకరముల వానికిని, రెండెకరముల వానివి మఱియొకనికిని వ్రాసినట్లయ్యెను. చూచుటకు జాబితా చక్కగానే యుండును. మఱునాడు బస్తాలు పంచు గుమాస్తా జాబితా ప్రకారము పంచును. తగవు పుట్టును, మాట మీద మాట వచ్చును. చివరకు నింద పడునది ఎవరిమీద? అల్ప జీతమునకు పనిచేయు ఆ గుమాస్తా మీదనే. తాను చేయని తప్పును తాను చేయలేదని నిరూపించుకొనుటకు వానికి సాక్ష్యముండదు. కావున దిద్దు హక్కును కట్టడి చేయుట గుమాస్తాను అనుమానించుట కాదు, వానిని కాపాడుట.

ఇచ్చట కొందఱు మిత్రులు ఒక ఆక్షేపణ చేయుదురు. "సంఘమున ఎల్లరును సమానులు గదా, ఒక సభ్యునికి ఒక వోటు గదా, ఒకరికి దిద్దు హక్కు ఉండి మఱొకరికి లేకుండుట సమానత్వమునకు విరుద్ధము కాదా?" యని. ఈ ఆక్షేపణ సదుద్దేశ్యముతో కూడినది. దీనికి జవాబు చెప్పవలెను. సంఘపు సొమ్ము ఎల్లరిదియే, కాని బొక్కసపు తాళపు చెవి ఎల్లరి నడుమున లేదు. చెక్కు మీద ఎల్లరును సంతకము చేయరు. అయినను సొమ్ము ఎట్లు ఖర్చయ్యెనో అడుగు హక్కు ప్రతి సభ్యునికిని గలదు. సమానత్వము అడుగుటలోను, చూచుటలోను, వోటులోను ఉన్నది. ఒకే పంక్తిని నూఱుమంది దిద్దుటలో లేదు. పదిమంది చేతిలో పడిన పాము చావదని పెద్దలు చెప్పిన మాట పుస్తకమునకు గూడ వర్తించును: పదిమంది దిద్దిన లెక్క తేలదు.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844 డిసెంబరు 21 న తమ చిన్న దుకాణమును తెఱచిన నేతపనివారు మొదలగువారిని సహకారోద్యమమునకు మార్గదర్శకులుగా లోకము స్మరించుచున్నది. వారి నియమములలో తఱచు సభ్యులకు లెక్కలను, ఆస్తి అప్పుల పట్టికను చూపవలెననునది యొకటి. సభ్యులెల్లరును వచ్చి లెక్కను దిద్దవలెనని వారు వ్రాసికొనలేదు; సభ్యులెల్లరికిని లెక్కను చూపవలెనని వ్రాసికొనిరి. నేటి ఆన్‌లైన్ పత్రములందలి వ్యూయర్ హక్కును ఆనాటి నియమమునకు క్రొత్త రూపమని భావింపవచ్చును.

దీనికి వ్యతిరేకముగా మఱికొందఱు "అట్లయిన గొడవ యేల? కార్యదర్శి యొక్కడే పత్రమును తనయొద్ద నుంచుకొనును, కావలసినవారు వచ్చి అడుగుదురు" అందురు. ఇది మొదటి రోగమునకే మరల పోవుట. కంచెయే చేను మేసిన సంగతులు మనము వినియే యున్నాము. కార్యదర్శి సత్పురుషుడే కావచ్చును. కాని సత్పురుషుని లెక్క గూడ నలుగురు చూచినప్పుడే నలుగురిలో నిలుచును. వాని తరువాత వచ్చువాడు ఎట్టివాడో మనమెఱుగము గదా.

కావున సంఘముల పాలకవర్గములు ఈ క్రింది పద్ధతిని ఆలోచింపవలెనని కోరుచున్నాము.

మొదటిది యజమాన్యము. పత్రము కార్యదర్శి సొంత ఖాతాలో గాని, కంప్యూటరు తెలిసిన యొక సభ్యుని కుమారుని ఖాతాలో గాని పుట్టకూడదు. సంఘము పేర ఒక ఖాతా యుండి, దాని పాస్‌వర్డును, దానికి జోడించిన ఫోను నంబరును పాలకవర్గ తీర్మానముతో ఇద్దఱి బాధ్యతలో నుంచవలెను. యజమాని పత్రమును తీసివేసిన, అది ముప్పది దినములు చెత్తబుట్టలో నుండి పిదప నశించును. ఎడిటర్లు ఎందఱున్నను నిలుపజాలరు. రెండేండ్లు వాడని సొంత ఖాతాలను, వానిలోని పత్రములతో సహా తొలగింపగలమని గూగుల్ వారు ప్రకటించి, 2023 డిసెంబరు నుండి ఆ నియమమును ఆచరణలో పెట్టియున్నారు. బదిలీయై పోయిన కార్యదర్శి మఱచిన పాత ఖాతాలో మన సభ్యుల జాబితా ఉండుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును. యజమాన్యమును మఱొకరికి బదలాయింప వచ్చును. కాని పాత యజమాని ఇయ్యవలెను, క్రొత్తవారు అంగీకరింపవలెను. కావున కార్యదర్శి బాధ్యత అప్పగించు దినముననే, బీరువా తాళములతో బాటు ఈ పత్రములను గూడ అప్పగించినట్లు రశీదు వ్రాయించుకొనవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.

రెండవది దిద్దు హక్కు. ఒక పత్రమునకు దిద్దువారు ఇద్దఱు ముగ్గురు చాలుదురు. వ్రాయువాడొకడు, సరిచూచువాడు వేఱొకడు కావలెను. బ్యాంకులలో ఒక గుమాస్తా చేర్చిన అంకెను మఱొక అధికారి ఒప్పుకొనిన గాని లెక్క సాగదు. ఆ కట్టుబాటును మనము చిన్న జాబితాకు గూడ పాటింపవచ్చును. ఎడిటర్లు ఇతరులకు హక్కు ఈయకుండునట్లు యజమాని 'షేర్' లోని అమరికలలో గుర్తు తీసివేయవలెను. తూకము ముగిసి సంతకములైన దినముల లెక్కను 'ప్రొటెక్ట్' చేసి మూసివేయవలెను. ఇట్టి మూత పొరపాటు దిద్దుబాటును ఆపునే గాని రహస్యమును కాపాడదని గుర్తుంచుకొనవలెను. పత్రము చేరినవాడు దానికి నకలు తీసికొనగలడు.

మూడవది చూచు హక్కు, చెప్పు హక్కు. సభ్యులెల్లరికిని చూచు హక్కు ఈయవలెను. ఊరికొకరు చొప్పున బాధ్యతగల సభ్యులకు సూచన వ్రాయు హక్కు ఈయవలెను. వ్రాసిన ప్రతి సూచనకును ఇన్ని దినములలో జవాబు ఈయవలెనని పాలకవర్గము గడువు పెట్టుకొనవలెను. దిద్దిన యెడల దిద్దితిమనియు, దిద్దని యెడల కారణమిదియనియు వ్రాయవలెను. సూచన చేయు తలుపుండి దానివెనుక మనుష్యుడు లేకున్న, అది గోడమీద వ్రాసిన తలుపు బొమ్మ వంటిది.

నాలుగవది చరిత్ర. ఈ షీటులందు 'వెర్షన్ హిస్టరీ' యను సౌకర్యము గలదు. ఏ దినమున, ఏ ఖాతానుండి, ఏమి మాఱెనో అందు తెలియును. పాత ప్రతిని మరల తెచ్చుకొనవచ్చును. పట్వారీ దిద్దిన పాత పహాణీలో సిరా క్రింద ఏమున్నదో కనుగొనుటకు న్యాయస్థానములలో ఏండ్లు గడచెడివి. ఇందు నిమిషములలో తెలియును. ఇంతటి సాధనము చేతిలో నుండియు దానిని తెఱచి చూడకుండుట అన్యాయము. నెలకొకసారి పాలకవర్గ సమావేశమున ఆ చరిత్రను తెఱచి, మాఱిన ముఖ్యమైన అంకెలను చదివి వినిపింపవలెను. అయితే ఇద్దఱు ముగ్గురు ఒకే ఖాతాతో పనిచేసిన ఈ చరిత్రకు విలువ యుండదు. ఎవరి ఖాతాతో వారే దిద్దవలెను.

ఐదవది గోప్యము. చూచు హక్కు విశాలముగా నుండవలెనన్న, అన్ని వివరములు అందఱికి చూపవలెనని కాదు. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, ఫోను నంబరు, అప్పు బకాయి వివరము, ఇవి బహిరంగపు జాబితాలో నుండకూడదు. వీనిని వేఱు పత్రమున నుంచి, అధికార కార్యమునకు కావలసినవారికే తెఱువవలెను. ఒకే షీటులో కొన్ని నిలువు వరుసలను మఱుగుపఱచిన చాలుననుకొనుట పొరపాటు. చూచువాడు నకలు తీసికొని మఱుగును తొలగింపవచ్చును. 2023 లో పార్లమెంటు వ్యక్తిగత వివరముల రక్షణకై శాసనము చేసియున్నది. శాసనము లేకున్నను, పొరుగువాని ఖాతా సంఖ్య ఊరిలో తిరుగుట మర్యాద కాదు. దానిని పట్టుకొని ఫోనులో మోసగించువారు పొంచియుందురు.

ఆఱవది ఫోను లేనివారి సంగతి. మన మూడు జిల్లాలలో చేతిలో మంచి ఫోను లేని ముసలివారును, చదువు రాని స్త్రీలును, సిగ్నలు అందని గూడెములును తండాలును గలవు. వారును సభ్యులే, వారి వాటాధనమును అందఱి వాటాధనము వంటిదే. పత్రము ఆన్‌లైనులో నున్నది గావున చూపితిమని వారితో చెప్పుట, నిజాము నాడు ఉర్దూ పుస్తకమును చూపుట వంటిది. కావున ప్రతి వారము జాబితాను తెలుగులో ముద్రించి, తేదీ వేసి, కార్యదర్శి సంతకముతో సంఘపు ముంగిట అంటింపవలెను. పంచాయతీ కార్యాలయమున చదివి వినిపించిన మఱియు మంచిది. తండాలలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు పలువురుందురు. తండ్రి పేరో భర్త పేరో చేర్చి వ్రాయకున్న ఒకరి బస్తాలు మఱొకరి లెక్కలో పడును. ఇట్టి తప్పును కనిపెట్టగలవారు ఆ తండావారే గాని కార్యాలయమున నున్నవారు కారు. చూచు హక్కు విశాలముగా నుండుట దయ కాదనియు, లెక్క సరిగా నుండుటకు అది ఆవశ్యకమనియు మేము చెప్పుట ఇందువలననే.

ఇంత కట్టుబాటునకు మన చిన్న సంఘములలో తీరిక యెక్కడిదని కొందఱు అడుగవచ్చును. పైన చెప్పిన హక్కుల అమరిక ఒక పూట పని. నెలకొకసారి చరిత్ర చూచుట గడియ పని. వారమునకొక కాగితము ముద్రించుట కొలది పైకముల పని. తగవు వచ్చిన తరువాత విచారణకును, పిలుపులకును, పోయిన నమ్మకమును తిరిగి తెచ్చుకొనుటకును పట్టు కాలముతో పోల్చిన ఇది లెక్కలోనిది కాదు.

ఈ పత్రములు సంఘపు అధికార లెక్క పుస్తకములకు బదులు కావనియు మఱువరాదు. ఆడిటు జరుగునది అధికార పుస్తకముల మీదనే. అయినను బస్తా ఎవరికి ముందు దొరకెను, కాంటా ఎవరికి ముందు పడెను అను సంగతులు ఈ చిన్న జాబితాలలోనే తేలుచున్నవి. వానలు ముంచుకొని వచ్చునపుడు కల్లములో వడ్లు తడియునో తడియవో ఆ వరుసయే నిర్ణయించును. కావున చిన్న జాబితాయని దానిని చిన్నచూపు చూడకూడదు.

సభ్యులారా! రానున్న మహాజనసభకు తప్పక పొండు. అధ్యక్షులను, కార్యదర్శిని మర్యాదతో ఈ ప్రశ్నలు అడుగుడు. మన సంఘపు ఆన్‌లైన్ పత్రములు ఎవరి ఖాతాలో నున్నవి? వానిని దిద్దువారు ఎందఱు, వారి పేర్లేమి? సంఘమును విడిచిపోయిన వారి హక్కులను తీసివేసితిరా? నా పేరు ఎదుట తప్పున్నచో నేను ఎవరికి చెప్పుకొనవలెను, ఎన్ని దినములలో జవాబు వచ్చును? ఈ నాలుగింటికిని సూటియైన జవాబులు వచ్చిన మన సంఘపు పుస్తకము భద్రముగా నున్నదని సంతోషింపుడు. రాకున్న, ఆ సభలోనే తీర్మానము చేయింపుడు. తాతల నాడు తమ భూమి వ్రాత తమకు కనబడక మనవారు పడిన పాట్లు చాలును. నేడు వ్రాత కనబడుచున్నది. అది ఎవరి చేత దిద్దబడవలెనో నిర్ణయించు వోటు మన చేతనే యున్నది.